వెర్రిబీ పిట్టల కోసం తలకిందుల సలహాలు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్‌లోనో, ట్రుగనీనాలోనో, పాయింట్ కుక్‌లోనో ఉండే తెలుగు కుటుంబం ఒకటి వసంతకాలంలో ఓ ఉదయం తీరం వెంట పిట్టలు చూద్దామనుకుంటే చాలు, సలహాలకు కొదవుండదు. చీకటితో లేవమంటారు. పెద్ద లెన్సున్న కెమెరా కొనమంటారు. బీచ్‌కి వెళ్ళమంటారు, బాగా నడవమంటారు, అరుదైన పిట్ట ఎక్కడ కనబడిందో కనుక్కుని అక్కడికి పరిగెత్తమంటారు. వీటన్నిటికీ నేను ఎదురు చెబుతాను. వినగానే తిక్క సలహాల్లా అనిపించొచ్చు గానీ ఒక్కొక్కదాని వెనకా కారణం ఉంది, ఆ కారణం ప్రతిసారీ పిట్ట దగ్గరే దొరుకుతుంది. మన ఉదయం బాగుండాలంటే ముందు దాని ఉదయం చెడకూడదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

అన్నిటికంటే ముందు, బీచ్ మానేసి మురుగునీటి దగ్గరికి పొండి.

వెర్రిబీ ఊరు దాటి నైరుతి దిక్కుగా వెళ్తే పోర్ట్ ఫిలిప్ అఖాతం ఒడ్డున వెస్టర్న్ ట్రీట్‌మెంట్ ప్లాంట్ వస్తుంది. మెల్‌బోర్న్ మురుగులో దాదాపు సగం శుద్ధయ్యేది ఇక్కడే. విస్తీర్ణం సుమారు 10,500 హెక్టార్లు, మన లెక్కలో 26,000 ఎకరాల దగ్గర. ఇప్పటిదాకా ఇక్కడ నమోదైన పక్షి జాతులు మూడు వందలకు దగ్గరగా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో పిట్టలంటే ప్రాణం పెట్టేవాళ్ళెవరినైనా అడగండి, జీవితంలో ఒక్కసారైనా వెళ్ళాల్సిన చోట్లలో దీన్ని తప్పకుండా చెబుతారు. పక్కనే టార్నీట్‌లో పదేళ్ళుగా ఉంటున్న మనవాళ్ళు మాత్రం ఫ్రీవే మీద జీలాంగ్ వెళ్తూ అద్దాలు ఎత్తేసుకుని దాటిపోతుంటారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఈ ప్లాంటు పుట్టుక కథ కూడా తెలుసుకోదగ్గదే. 1880ల్లో బంగారం డబ్బుతో మెల్‌బోర్న్ విపరీతంగా పెరిగిపోయింది గానీ ఊరికి భూగర్భ మురుగు కాలవలు లేవు. వంటింటి నీళ్ళ దగ్గర్నుంచి మరుగుదొడ్ల మురికి దాకా చాలా భాగం వీధి గటార్లలోనే పారి నదిలో కలిసేది. టైఫాయిడ్ ఏటా జనాన్ని పట్టుకుపోయేది. చివరికి 1891లో మెల్‌బోర్న్ అండ్ మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ ఏర్పడింది. 1892లో పనులు మొదలయ్యాయి, 1897లో మొదటి ఇళ్ళకు కనెక్షన్లు ఇచ్చారు. మురుగంతా స్పాట్స్‌వుడ్ చేరితే అక్కడ ఆవిరి యంత్రాలు పైకి తోడేవి, ఆపైన వాలు మీద వెర్రిబీ దాకా పారి వచ్చేది. పిల్లల్ని స్కూల్ సెలవుల్లో తీసుకెళ్ళే సైన్స్‌వర్క్స్ మ్యూజియం ఉంది చూశారా, ఆ పాత పంపింగ్ స్టేషన్ ఇప్పటికీ దాని ఆవరణలోనే ఉంది. వచ్చిన నీటిని ఇక్కడ గడ్డి భూముల మీదికి వదిలేవాళ్ళు, ఆ గడ్డి మీద పశువుల్నీ గొర్రెల్నీ మేపేవాళ్ళు. పనివాళ్ళ కుటుంబాల కోసం ప్లాంటు లోపలే కోకరాక్ అనే చిన్న ఊరు కూడా వెలిసింది. ఇప్పుడా ఊరు లేదు.

నేడు శుద్ధి అంతా చెరువుల్లో జరుగుతుంది. ఒక చెరువు నుంచి మరో చెరువులోకి నీరు నెమ్మదిగా కదులుతూ పోతుంటే సూక్ష్మజీవులు, ఎండ, గాలి తమ పని తాము చేసుకుపోతాయి. నీటిలో సారం ఉంది కనక నాచు పెరుగుతుంది, నాచును తిని పురుగులు, ఈగల లార్వాలు పెరుగుతాయి, వాటిని తినడానికి పిట్టలొస్తాయి. పైగా దేశమంతా కరువొచ్చి లోపలి ప్రాంతాల చెరువులు ఎండిపోయినా ఈ నీళ్ళు ఆగవు, ఎందుకంటే నగరంలో స్నానాలు ఆగవు గదా. తూర్పు ఆస్ట్రేలియా కరువు కాలంలో బాతులు వేలాదిగా ఇక్కడికి చేరేది అందుకే. గేట్లకు తాళాలుంటాయి, జనసంచారం తక్కువ. ఈ తీరమంతా 1982లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. మన కొల్లేరు ఆ జాబితాలోకి వచ్చింది 2002లో.

ఇలాంటివి మనకు కొత్త కాదు కూడా. గుంటూరు పక్కన ఉప్పలపాడులో వందల గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టేది ఏ అడవిలోనో కాదు, ఊరి మధ్యలో చెరువుల్లో. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఇళ్ళ మధ్య చెట్ల మీదే కాపురాలు పెడతాయి. పిట్టకు కావలసింది తిండి, నీరు, తన జోలికి రాని మనుషులు. అందం మన కంటికి సంబంధించిన గొడవ.

వాసన సంగతి అడుగుతారని తెలుసు. మురుగు మొదట చేరే చెరువుల మీద ఇప్పుడు పెద్ద పెద్ద కప్పులు వేసి, అందులో పుట్టే గ్యాస్‌ని పట్టి కరెంటు తయారుచేస్తున్నారు. మునుపటంత వాసన లేదు. గాలి తిరిగినప్పుడు వస్తే రానివ్వండి, అద్దాలు మాత్రం ఎత్తకండి. అద్దం ఎత్తితే రెల్లుగడ్డిలోంచి రీడ్ వార్బ్లర్ పాట వినబడదు. వసంతంలో అది గంటల తరబడి పాడుతుంది, కనబడటం మాత్రం అరుదు. వెర్రిబీ సౌత్ తోటల్లో పండే కాలీఫ్లవర్, బ్రోకలీ ఈ ప్లాంటులో శుద్ధైన నీటితో కూడా పెరుగుతున్నాయి. వాటిని ఇష్టంగా వండుకుంటున్నాం గనక ఆ నీటి ఒడ్డున కాసేపు కూర్చోవడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక వేళ. సూర్యోదయం చూసుకోకండి, పోటుపాట్లు చూసుకోండి.

అడవి పిట్టలకైతే తెల్లవారుజాము బంగారం లాంటిదే, కాదనను. తీరపు పిట్టల గడియారం వేరు. అవి సముద్రం లెక్కన బతుకుతాయి. పాటు వేళ నీరు వెనక్కి తగ్గితే బురద బయటపడుతుంది, రాత్రైనా పగలైనా అప్పుడే వాటికి భోజనం. అలాంటప్పుడు మీరెళ్తే అవి దూరంగా నీటి అంచున చుక్కల్లా కనబడతాయి. పోటు వచ్చి బురద మునిగిపోయాక అన్నీ లేచి కట్టల వెనక చెరువుల్లోకి, ఇసుక దిబ్బల మీదికి చేరతాయి. అప్పుడు బాట పక్కనే, కొన్ని మీటర్ల దూరంలోనే ఉంటాయి. పోర్ట్ ఫిలిప్‌లో పోటుకూ పాటుకూ తేడా మీటరుకు మించదు, కానీ ఒడ్డు చదును కనక ఆ కొంచెం నీటికే ఎంతో నేల మునుగుతుంది. బ్యూరో ఆఫ్ మీటియరాలజీ పట్టిక చూసి, ఉదయం తొమ్మిదికో పదికో పోటు ఉన్న రోజు ఎంచుకోండి. హాయిగా ఇడ్లీ తినే బయల్దేరొచ్చు. పట్టికలో పోటు తొమ్మిదిన్నరకని ఉన్నా గాలి గట్టిగా వీస్తే నీరు ముందే ఎక్కొచ్చు, ఆలస్యంగానూ ఎక్కొచ్చు, కాబట్టి ఓ గంట అటూ ఇటూగా వేసుకోండి.

వెళ్ళాక సముద్రానికి వీపు పెట్టండి. ఇది వింతగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ వెర్రిబీ తీరం అఖాతానికి పడమటి ఒడ్డు. పొద్దున సముద్రంవైపు చూశామంటే సూర్యుడు సూటిగా కళ్ళలో పడతాడు, ప్రతి పిట్టా నల్లటి నీడలా కనబడుతుంది, రంగూ తెలియదు, కాళ్ళూ తెలియవు. అదే వెనక్కి తిరిగి చెరువులవైపు చూస్తే వెలుతురు మీ భుజాల మీదుగా వెళ్ళి వాటి మీద పడుతుంది. సముద్రాన్ని మధ్యాహ్నానికి అట్టిపెట్టుకోండి, అప్పటికి ఎండ పడమరకు తిరిగి ఉంటుంది.

కారు దిగకండి. నడక ఆరోగ్యానికి మంచిదే, దానికి వెర్రిబీ నది గట్టు ఉంది, రోజ్ గార్డెన్ ఉంది. ఇక్కడ మాత్రం కారులోనే కూర్చోండి. రెండు కాళ్ళ మీద నిలబడ్డ ఆకారం కనబడితే చాలు, చెరువంతా ఒక్కసారిగా లేచిపోతుంది. కారు పక్కన ఆగితే పట్టించుకోవు, రోజూ ప్లాంటు బండ్లు తిరిగే దారే కదా. నెమ్మదిగా పోనిచ్చి, ఇంజన్ ఆపి, అద్దాలు దించి కూర్చుంటే మొదట లేచిన బాతులు కూడా తిరిగొచ్చి వాలతాయి. ఒక్క చెరువు దగ్గర గంటసేపు ఆగడం పది చెరువులు తిరగడం కంటే మేలు. పింక్-ఇయర్డ్ డక్‌లు ఇక్కడ వేలల్లో ఉంటాయి. పక్కలకు నల్లటి చారలు, పారలాంటి వెడల్పాటి ముక్కు. జంటలు జంటలుగా ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రంగా ఈదుతూ నీటిని సుడి తిప్పుతాయి, కింది నుంచి పైకొచ్చిన సూక్ష్మజీవుల్ని ఆ ముక్కుతో వడగట్టుకుంటాయి. ఆ సుడి తిరగడం చూడాలంటే ఆగాలి. కదిలే కారులోంచి అది కనిపించదు.

పవర్ ఎక్కువున్న బైనాక్యులర్స్ కొనకండి. అంగడివాడు పది రెట్లు, పన్నెండు రెట్లు అని చూపిస్తాడు. రెట్లు పెరిగే కొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, చూసే వెడల్పు తగ్గుతుంది, ఎగిరే పిట్ట అందులో దొరకదు. ఎనిమిది రెట్లు, 42 మిల్లీమీటర్ల అద్దం ఉన్నది చాలు, పిల్లల చేతిలోనూ నిలుస్తుంది. కెమెరా అయితే మొదటి ఏడాది ఇంట్లోనే ఉంచండి. ఫొటో కావాలనుకున్న క్షణం నుంచి మనిషి ఇంకో అడుగు, ఇంకో అడుగు అంటూ ముందుకు పోతూనే ఉంటాడు. ఆ చివరి అడుగుకే పిట్ట లేచిపోతుంది. మర్నాడు వాట్సాప్‌లో పెట్టడానికి ఒక బొమ్మ మిగులుతుంది, ఆ పిట్ట ఏం తిన్నదో, ఎవరితో పోట్లాడిందో, ఎలా నిద్రపోయిందో ఏమీ మిగలదు.

అసలు చెప్పాలనుకున్న సలహా ఇప్పుడొస్తోంది. అందమైనవాటిని వదిలేసి, చూడగానే విసుగొచ్చే మట్టిరంగు పిట్టల దగ్గర ఆగండి.

చెరువు మధ్యలో నల్లహంసలు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంటాయి. గూడబాతులు బారులు కట్టి ఉంటాయి. ఇటుకరంగు తలల ఆవొసెట్లు పైకి వంగిన సన్నని ముక్కుల్ని నీటిలో ఇటూ అటూ ఊపుతుంటాయి. కన్ను వాటివైపే లాగుతుంది. వాటి కాళ్ళ దగ్గర, నీటి అంచున, పిచ్చుకంత పిట్టలు గుంపుగా పరిగెడుతుంటాయి. వాటిని చూడండి. రెడ్-నెక్డ్ స్టింట్ అంటారు. మన ఉల్లంకుల కుటుంబమే. బరువు ముప్పై గ్రాముల లోపు. చాట ముందు కూర్చుని బియ్యంలో రాళ్ళేరే అమ్మమ్మ చేతివేళ్ళలా దాని ముక్కు ఆగకుండా బురదను ఏరుతూనే ఉంటుంది.

ఆ ముప్పై గ్రాముల పిట్ట సైబీరియా ఉత్తరపు కొసన, మంచు కరిగిన టుండ్రాలో గుడ్లు పెట్టి వచ్చింది. వెర్రిబీకి అక్కణ్ణుంచి సుమారు 12,000 కిలోమీటర్లు. ఇక్కడి వసంతం సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, అంటే ఇంచుమించు వినాయక చవితి నుంచి దీపావళి దాటేదాకా. పెద్ద పిట్టలు ఆగస్టు చివరి నుంచే దిగడం మొదలుపెడతాయి. సెప్టెంబర్‌లో దగ్గరగా చూస్తే కొన్నిటి మెడ మీద ఇటుకరంగు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంటుంది. ఆర్కిటిక్ వేసవిలో జత కోసం వేసుకున్న రంగు అది. వారాలు గడిచేకొద్దీ ఆ ఈకలు రాలి బూడిదరంగువి వస్తాయి. ఇంకో విశేషం, ఈ ఏడాది పుట్టిన పిల్లలు తల్లిదండ్రులతో రావు. పెద్దవి ముందే బయల్దేరిపోతాయి, పిల్లలు అక్కడే ఉండి ఎదిగి, దారి చూపేవాళ్ళెవరూ లేకుండానే తర్వాత వస్తాయి. వీపు మీది ఈకలకు చెక్కుచెదరని లేత అంచులున్నవి కనబడితే అవే ఈ పిల్లలు. అంతవరకూ ఆ పిట్ట ఈ నేలను చూడలేదు. ఇదంతా తెలిశాక దాన్ని మట్టిరంగు పిట్ట అని దాటెయ్యడం ఎవరి తరమూ కాదు.

దాని పక్కనే ముక్కు కిందికి వంగిన కర్లూ శాండ్‌పైపర్ ఉండొచ్చు. ఇదే జాతి శీతకాలంలో మన పులికాట్ సరస్సుకూ, కాకినాడ కోరింగ తీరానికీ వస్తుంది. ఒకే టుండ్రాలో పుట్టినవాటిలో కొన్ని నెల్లూరు తీరంవైపు, కొన్ని వెర్రిబీ వైపు విడిపోతాయి. మన ఇళ్ళలో అన్నదమ్ములు విడిపోయినట్టే అని చెప్పాలనిపిస్తుంది గానీ, ఇవి మళ్ళీ ప్రతి ఏడాదీ పుట్టింటికి చేరతాయి. చేరగలిగినవి. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2015లో కర్లూ శాండ్‌పైపర్‌ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. దారిలో ఎల్లో సీ తీరం ఉంది, చైనా, కొరియాల మధ్య. ఈ పిట్టలు దిగి, తిని, బలం పుంజుకుని మళ్ళీ లేచే చోటు అది. అక్కడి బురదమేటల్ని ఏళ్ళ తరబడి పూడ్చి పరిశ్రమలూ పొలాలూ చేశారు. దక్షిణ కొరియాలో సేమాంగుమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడ 2006లో పూర్తయింది. దారిలో ఉన్న ఒక్క పూటకూళ్ళ ఇల్లు మూతపడితే ఇక్కడ వెర్రిబీలో గుంపు పలచబడుతుంది.

అందుకే దాన్ని లేపొద్దని ఇంతగా చెబుతున్నాను. వచ్చిన పిట్టకు ఒంట్లో కొవ్వుండదు. ఇక్కడ అది తిండి తిని, కోల్పోయిన కొవ్వును తిరిగి తెచ్చుకోవాలి, అరిగిపోయిన రెక్కల ఈకలన్నీ మార్చుకోవాలి, మార్చి చివరికల్లా మళ్ళీ బరువెక్కి ఉత్తరానికి లేవాలి. మనం దిగి నడిచినప్పుడల్లా, పిల్లవాడు సరదాకి చప్పట్లు కొట్టినప్పుడల్లా గుంపు లేచి చెరువు చుట్టూ తిరిగి వాలుతుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఖర్చు దానిది.

వాటి కాళ్ళ మీద కూడా ఓ కన్నెయ్యండి. మోకాలి పైన చిన్న నారింజరంగు ప్లాస్టిక్ జెండా కనబడితే అది ఇక్కడి విక్టోరియా రాష్ట్రంలో గుర్తు వేసిన పిట్ట. విక్టోరియన్ వేడర్ స్టడీ గ్రూప్ స్వచ్ఛంద కార్యకర్తలు 1970ల నుంచి ఈ పిట్టల్ని వలలతో పట్టి, తూచి, గుర్తు వేసి వదులుతున్నారు. వాళ్ళకు దారి చూపినవాడు క్లైవ్ మింటన్, వృత్తికి లోహశాస్త్రజ్ఞుడు, ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్ వచ్చి స్థిరపడ్డవాడు. 2019లో పోయేదాకా ఆ పని మానలేదు. ఉద్యోగం ఒకటి చేసుకుంటూ, సెలవు రోజుల్ని బురదలో గడిపి, దేశాల మధ్య పిట్టల దారుల్ని తెలియజెప్పిన మనుషులు వీళ్ళు. వలస వచ్చిన ఊళ్ళో మనిషి చెయ్యదగ్గ పనుల్లో ఇది ఒకటని నా నమ్మకం. జెండా మీద అక్షరాలు చదవగలిగితే రాసుకోండి, చదవలేకపోయినా రంగూ, చోటూ, తేదీ రాసి పంపితే వాళ్ళకు ఉపయోగమే.

అరుదైన పిట్ట వెంట పడకండి. ముఖ్యంగా ఆరెంజ్-బెల్లీడ్ పారట్ వెంట. బడ్జీ చిలక కంటే కాస్త పెద్దది, పచ్చగా ఉంటుంది, పొట్ట మీద నారింజ మచ్చ. ప్రపంచంలో అది గూడు పెట్టేది ఒక్క తాస్మానియా నైరుతి మూలన, మెలలూకా ప్రాంతంలో. చలికాలం గడపడానికి బాస్ జలసంధి దాటి ఈ తీరపు ఉప్పు నేలలకొస్తుంది, వసంతం రాగానే తిరిగి వెళ్ళిపోతుంది. 2016లో మెలలూకాకు తిరిగొచ్చిన అడవి చిలకలు 17. మళ్ళీ చదవండి, పదిహేడు. ఆ తర్వాత పెంపకంలో పుట్టినవాటిని విడుదల చేస్తూ ఆ సంఖ్యను పెంచుతున్నారు. సముద్రం దాటే ముందు అది ఉప్పుగడ్డి గింజలు తిని బలం పట్టాలి. అలాంటి రోజుల్లో దాన్ని చూసి తీరాలని పొదల వెంట తిరగడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ఎవరైనా ఎక్కడుందో చెబితే విని మనసులో పెట్టుకోండి. గ్రూపుల్లో పెట్టకండి.

పిట్టల గొంతు ఫోన్లో వినిపించి పిలవడం కూడా మానండి. వసంతం వాటికి కాపురాల కాలం. ఆ గొంతు వింటే పిట్ట తన హద్దులోకి శత్రువు వచ్చిందనుకుని గూడు వదిలి వెతుక్కుంటూ వస్తుంది. ఆ వెతుకులాట సాగినంతసేపూ గుడ్లు చల్లబడుతుంటాయి.

మార్గదర్శిగా ఎవర్ని తీసుకెళ్ళాలంటారా? మీ అమ్మానాన్నల్ని, అత్తమామల్ని. మన ఇళ్ళలో పిట్టల షికారంటే పిల్లల కార్యక్రమం అనుకుంటారు. విజిటర్ వీసా మీద వచ్చి, కోడలూ కొడుకూ ఆఫీసుకెళ్ళాక కిటికీలోంచి కాలనీ రోడ్డు చూస్తూ పగలు గడిపే పెద్దవాళ్ళను ఎవరూ అడగరు. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకోవడం చూడగానే మా అత్తయ్య, పుస్తకం తెరవకుండానే, అది ఎన్ని క్షణాలు మునుగుతుందో, ఏ వైపు తేలుతుందో చెప్పింది. కృష్ణ కాలవ గట్టున పెరిగిన మనిషి. నారాయణ పక్షిని, తెడ్డుమూతి కొంగను, లకుముకిని గుర్తుపట్టేవాళ్ళకు ఇక్కడి వాటి బంధువుల్ని పట్టడం నిమిషాల పని. ఈ తెలివిని తక్కువ చేసి చూడొద్దు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప లంకమల దగ్గర దొరికిందంటే, దాని జాడ తెలిసిన స్థానిక వేటగాడు ఐతన్న వల్లనే. శాస్త్రజ్ఞులు ఆయన మాట విన్నారు గనక దొరికింది.

పెద్దవాళ్ళతో ఒక్క చిక్కు ఉంది, తీతువు. ఇక్కడి మాస్క్‌డ్ లాప్‌వింగ్ మన తీతువుకు దగ్గరి చుట్టం, మొహానికి పసుపు తోలు వేలాడుతుంటుంది, అరుపు అంతే కీచుగా ఉంటుంది. స్కూలు మైదానాల్లో, రౌండబౌట్ల గడ్డిలో కూడా గుడ్లు పెడుతుంది. తీతువు అరిస్తే కీడని, బయల్దేరినవాళ్ళు ఆగాలని మనవైపు నమ్మకం. ఆగకండి, కానీ దారి మార్చండి. అది అరిచేది దగ్గర్లో గుడ్లో పిల్లలో ఉన్నాయని. ఇంకా ముందుకెళ్తే నెత్తి మీదికి దూసుకొస్తుంది, లేదా రెక్క విరిగినట్టు కుంటుతూ మిమ్మల్ని గూటి నుంచి దూరంగా లాక్కుపోవాలని చూస్తుంది. ఆ అరుపులో కీడు ఉంటే అది దాని పిల్లలకే, మన వల్ల.

మాగ్‌పైలు కూడా ఈ నెలల్లోనే దూసుకొస్తాయి. పరిగెత్తకండి, చేతులు ఊపకండి, మరో వీధిలోంచి పొండి. అవి మనుషుల మొహాలు గుర్తుపెట్టుకుంటాయి, ఒకసారి విసిరిన రాయికి చాలాకాలం బదులిస్తాయి. పొడవాటి గడ్డిలో అడుగు పెట్టకండి, ఎండ కాస్త వేడెక్కగానే టైగర్ స్నేక్‌లు బయటికొస్తాయి. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి, కారులోనే తినండి, పిల్లల చేతికి రొట్టెముక్కలిచ్చి బాతులకు వెయ్యమనకండి. దానితో వాటి కడుపు నిండుతుంది గానీ బలం రాదు, పైగా సీగల్స్ పోగై చిన్న పిట్టల గుడ్ల మీద పడతాయి. తాగే నీళ్ళు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. ఊదారంగు కుళాయి ఎక్కడ కనబడినా అది శుద్ధిచేసిన మురుగునీరని గుర్తు, తాగేది కాదు.

ప్లాంటులోకి వెళ్ళే వీలు ఇంకా కుదరని వాళ్ళు పాయింట్ కుక్ కోస్టల్ పార్క్‌కి వెళ్ళి టవర్ ఎక్కి చీతమ్ చిత్తడినేలల్ని చూడొచ్చు. ఒకప్పుడు ఉప్పుమడులు అవి. వెర్రిబీ సౌత్‌లో నది సముద్రంలో కలిసేచోటు కూడా మంచిదే. అక్కడ బీచ్ మీద నడవాల్సి వస్తే పొడి ఇసుక మీద కాకుండా తడి ఇసుక మీద నడవండి, పాదాలు తడిసినా సరే. రెడ్-క్యాప్డ్ ప్లోవర్ అనే చిన్న పిట్ట పైన పొడి ఇసుకలో, గవ్వల మధ్య గుంట చేసి గుడ్లు పెడుతుంది. ఇసుకరంగులో మచ్చలతో ఉంటాయి, కాలి కింద పడేదాకా తెలియవు. కుక్కని తీసుకెళ్తే తాడు విప్పకండి. ఎంత బుద్ధిమంతురాలైనా సరే, విప్పకండి.

ఇంక మిగిలింది పర్మిట్. మెల్‌బోర్న్ వాటర్ దగ్గర ముందుగా దరఖాస్తు చేసుకుని, వాళ్ళ భద్రతా నియమాలు చదివి ఒప్పుకుంటేనే లోపలికి అనుమతి. తెరిచిన ప్రతి గేటునూ మీరే మూసి తాళం వెయ్యాలి. స్టింట్‌లు మెడ మీద ఇటుకరంగుతో దిగేది సెప్టెంబర్ మొదటి వారాల్లో కాబట్టి దరఖాస్తు ఆగస్టులోనే పెట్టండి, పెద్దవాళ్ళ పేర్లతో సహా.